అమ్మ మొహానికి ఎంత నలుపు

ఫోటో స్టూడియోలో ఆమెను అందరూ టచప్పక్క అంటారు. కంప్యూటర్ ముందు కూర్చుని జనం మొహాల మీద మొటిమలు తీసేస్తుంది, కళ్ళ కింది నల్లచారలు చెరిపేస్తుంది, చివర్లో మొహమంతా తెల్లగా తేలుస్తుంది.

"పెళ్ళికొడుకు ఇంకాస్త తేలాలక్కా," అంటాడు వెనక నిలబడ్డ ఓనరు.

"ఇంకా తేలిస్తే గోడలో కలిసిపోతాడు," అంటుంది. అంటూనే తేలుస్తుంది.

ఆమెకు చిత్రకళ మీద పెద్ద పెద్ద కలలేం లేవు. ఒక్క బొమ్మ వేయాలి, అమ్మది. హాల్లో అమ్మ ఫోటో ఉంది, టచప్పక్క చేతిమీదుగా తెల్లబడ్డదే. దాన్ని చూసినప్పుడల్లా అమ్మ, "ఎవరో పెద్దింటావిడలా ఉంది," అని మురిసిపోతుంది. ఆ 'ఎవరో' కూతురికి ముల్లులా గుచ్చుకుంది. బొమ్మ వేస్తానంటే అమ్మ ఒప్పుకుంది కానీ షరతు పెట్టింది: నచ్చకపోతే గోడెక్కదు.

మ్యూజియంలో ఆమెకు ప్రాణమైన చిత్రం ఒకటుంది. కిటికీకి వీపు పెట్టి దుప్పటి కుట్టుకుంటున్న ముసలావిడ. వేసినాయన ఎప్పుడో పోయాడు. ఆయన దగ్గరే నేర్చుకుందామని సెలవు రోజుల్లో వెళ్ళి ఆ బొమ్మ ముందు కూర్చునేది. అరచేయంత కాగితం, ఒక్క పెన్సిలు. రంగుల జోలికి పోకుండా నాలుగే మెట్లు: కాగితం తెలుపు, లేత బూడిద, ముదురు బూడిద, నలుపు. కళ్ళు సగం మూసి చూస్తే రంగులు పక్కకు తప్పుకుని వెలుగునీడలే మిగులుతాయి. గురుభక్తి, తపస్సు లాంటి కబుర్లు ఇక్కడ పనికిరావు. ఏది దేనికన్నా నలుపో తేల్చుకోవాలి, అంతే.

అదే తేలలేదు. దుప్పటి బాగానే కుదిరేది, కుర్చీ కుదిరేది. కిటికీలో మాత్రం వెలుగుండేది కాదు. మహానుభావుడు ఏదో కిటుకు దాచుకుపోయాడనుకుంది. చివరికి చిత్రాన్ని ఫోనులో ఫోటో తీసి, నలుపు తెలుపులోకి మార్చి, తన కాగితం పక్కన పెట్టింది. ఆయన బొమ్మలో మొహం ముదురు బూడిద, వెనక గోడకన్నా నలుపు. తన కాగితంలో మొహానికి పెన్సిలే తగల్లేదు. పాత కాగితాలు తీసి చూసింది. అన్నిట్లోనూ అంతే. తెల్లగా చెయ్యమని ఇక్కడ ఎవరూ అడగలేదు, వెనక ఓనరూ లేడు. చెయ్యి తన ఉద్యోగం తాను చేసుకుపోయింది. ఆమెకు నవ్వాగలేదు.

మొహం మీద ముదురు బూడిద దిద్దింది. కిటికీ వెలిగింది.

మర్నాడు అమ్మను కిటికీ ముందు, దానికి వీపు పెట్టించి కూర్చోబెట్టింది. రబ్బరు తీసుకెళ్ళి వంటింట్లో పెట్టి వచ్చింది, దగ్గరుంటే చెయ్యి ఊరుకోదని.

"కాస్త తెల్లగా వెయ్యవే. నీకు చేతనైన పనేగా."

"వెయ్యను."

"ఊరందరికీ చేస్తావు, కన్నతల్లికి చెయ్యవు."

"కదలకమ్మా."

"కదలకపోతే తెల్లబడతానా?"

చెంప దగ్గర పెన్సిలు ఆగింది. కళ్ళు సగం మూసి మళ్ళీ చూసింది. గోడకన్నా నలుపే. దిద్దింది.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని బొమ్మను చాలాసేపు చూసింది.

"ముక్కు మా నాన్నది," అంది. బొమ్మను ఇంకాస్త దగ్గరికి పెట్టుకుని, "ఇంత నలుపా నేను?"

"కిటికీ వెనక ఉంది కదమ్మా."

"కిటికీ లేకపోయినా అంతేలే."

లేచి హాల్లోకి వెళ్ళింది. గోడ మీద ఫోటోకేసి చూస్తూ నిలబడింది.

"ఆవిణ్ణి దింపు," అంది. "మేకు ఒకటే ఉంది."