బల్ల మీద కొరమీను

మా లంకలో గుమ్మడి పాదు లేదు. పెట్టడానికి నేలుంటే కదా. ముందు చేపల చెరువు, వెనక మురుగు డ్రెయిను, రెండింటికీ మధ్యనున్న గట్టు మీద మా ఇల్లు. అయినా ఏటా కోతపండుగ వస్తోందంటే మా అమ్మ కలిదిండి వెళ్లి గుమ్మడికాయ కొనుక్కొచ్చేది. కోతపండుగంటే ఆ ఏటి పంటలో మొదటిది దేవునికి తెచ్చి ఇచ్చే ఆరాధన. ఎవరో పండించిన కాయని అమ్మ తడిగుడ్డతో తుడిచి, చర్చికి మోసుకెళ్లి, "మా పంట, ప్రభువా" అని ముందున్న అర్పణల బల్ల మీద పెట్టేది. లంకలో ఆడవాళ్లందరిదీ అదే వరస. ఒకరిది కొన్న సొరకాయ, ఒకరిది కొన్న అరటిగెల. ఏడాదంతా చేపల మీద బతికేవాళ్లం ఆ ఒక్క ఆదివారం కూరగాయల రైతులమైపోయేవాళ్లం.

చిన్నప్పుడు అడిగాను, మనం చేపే పెట్టొచ్చు కదా అని. "నీసు కదే. బల్ల మీద పెడతారా ఎక్కడైనా" అంది అమ్మ. ఎవరైనా చేపలు తెచ్చినా అవి వెనక గుమ్మంలోంచి వంటపొయ్యి దగ్గరికి పోయేవి. భోజనాల్లో మాత్రం అందరికంటే ముందు ఖాళీ అయ్యేది పులుసు గిన్నే.

ఏలూరులో వేదాంత కళాశాలలో చేరాక మాకు చెప్పిన మొదటి పాఠం సృష్టి. నేలా, నీళ్లూ, నీళ్లలో కదిలే ప్రతిదీ దేవుడిదే, దేవుడు చేసింది ఏదైనా మంచిదే అని అయ్యగారు చెప్పారు. మా వైపు పాస్టర్లను అయ్యగారనే పిలుస్తాం. వేదాంతం మొదటి పాఠాలూ, ఆరాధన క్రమమూ మాకు ఈయనే చెప్పేవారు. మంచి గొంతు, ఇస్త్రీ నలగని తెల్ల అంగీ, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. ఆయన చెప్పింది నేను రాసుకున్నాను. రాసుకుని ఊరుకుంటే ఏ గొడవా లేకపోను. నమ్మాను.

ఆ ఏడు కాలేజీ చాపెల్లో కోతపండుగ ఆరాధన మొదటి సంవత్సరం వాళ్లమే నడపాలి. అదే మా ప్రాక్టికల్ పరీక్ష. ఒకరు ప్రార్థన, ఒకరు వాక్యం, ఒకరు పాటలు. అర్పణలు అందుకుని బల్ల మీద పెట్టే పని నా వంతుకొచ్చింది. ఇళ్ల నుంచి పెద్దవాళ్లను కూడా రమ్మన్నారు. ఎవరేం తెస్తారని అయ్యగారు క్లాసులో అడిగారు. పెంటపాడు అబ్బాయి వరికంకులన్నాడు. నా గదిలో ఉండే తాడేపల్లిగూడెం అమ్మాయి ఉల్లిపాయల బస్తా అంది.

"మా అమ్మ చేపలు తెస్తుందండి" అన్నాను నేను.

క్లాసు నవ్వింది. అయ్యగారు నవ్వలేదు.

"చేపలు వంటకి ఇద్దాంలేమ్మా. బల్ల మీదకి వేరే ఏదైనా తెమ్మని చెప్పు మీ అమ్మగారికి."

"ఎందుకండీ?"

"నీసు కదమ్మా. అది పరిశుద్ధమైన చోటు."

"పోయినేడు కోళ్లు పెట్టారంట కదండీ బల్ల పక్కన?"

"కోడి ప్రాణంతో ఉంటుంది. చచ్చినదాన్ని తెచ్చి దేవుడికెలా ఇస్తాం, నువ్వే చెప్పు."

"అంటే ప్రాణంతో ఉంటే పరవాలేదాండీ?"

ఆయన గడియారం చూసుకున్నారు. సరేలే అన్నట్టు తలూపి పుస్తకాలు సర్దుకున్నారు. నేను దాన్ని అనుమతి కిందే జమ కట్టుకున్నాను.

ఆ రోజంతా నాకు ఒళ్లు మండుతూనే ఉంది. కర్నూలు నుంచి లారీలో వచ్చి తాడేపల్లిగూడెం మార్కెట్లో దిగిన ఉల్లిపాయలు పరిశుద్ధమట. మా అమ్మ నడుం లోతు నీళ్లలో దిగి పట్టిన చేప నీసట. కాలేజీలో చేపలు తినని ఇల్లు ఒక్కటంటే ఒక్కటి చూపించమనండి.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారీ అన్నట్టుంది నీ వరస" అంది గూడెం అమ్మాయి. "ప్రాక్టికల్ పోతే ఏడాది ఆగి మళ్లీ చెయ్యాలి, తెలుసా?"

"నీ ఉల్లిపాయలు మీ పెరట్లో కాశాయా ఏంటి?"

"మా నాన్న కొన్నాడు. అయితే ఏంటంట?" అని నవ్వేసింది. మంచి పిల్ల. నాతో వాదించి లాభం లేదని ఆమెకు అప్పటికే తెలుసు.

అసలు కష్టం అయ్యగారితో కాదు, అమ్మతో. ఫోన్ చేసి, బతికున్న చేప తెమ్మని చెప్పాను.

"నలుగురిలో నన్ను నిలబెట్టి నవ్విస్తావేంటే? అంత చదువుకున్నోళ్ల మధ్య చేపలు పట్టుకొచ్చి నిలబడాలా? గుమ్మడికాయ తెస్తాలే, అమ్మడూ."

"గుమ్మడికాయ తెస్తే నీ చేతిలోంచి నేను అందుకోను" అన్నాను. తల్లితో అనే మాటేనా అంటారేమో. ఇప్పుడైనా అదే అంటాను. "ఇన్నేళ్లూ నిన్నూ నన్నూ సాకింది ఏది? గుమ్మడికాయా?"

"కొరమీనైతే బిందెలో బతికే వస్తది" అంది నెమ్మదిగా.

కోతపండుగ నాడు అమ్మ బస్సు దిగింది. ఆదివారాలకని దాచుకునే తెల్లచీర, చంకలో మూతికి గుడ్డ కట్టిన స్టీలు బిందె. చాపెల్ పక్కనున్న కుళాయి చూడగానే బిందె దించి, సంచిలోంచి సబ్బు తీసి, చేతులు మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కుంది. వాసన చూసుకుని మళ్లీ రుద్దింది. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏడుపు కాదది, ఒట్టి కోపం.

అర్పణల వేళ అందరూ వరసలో వచ్చారు. కంకులు, కొబ్బరికాయలు, ఉల్లిపాయల బస్తా, కాళ్లు కట్టిన కోడిపుంజు ఒకటి. ఒక్కొక్కటీ అందుకుని పెడుతున్నాను. అమ్మ అందరి వెనకా నిలబడింది. తన వంతు వచ్చేసరికి తల వంచుకుని బిందె నా చేతికిచ్చింది. దేవునికిచ్చింది కనపడాలి కదా అని గుడ్డ విప్పాను. బల్ల పక్కన కూర్చున్న అయ్యగారు లోపలికి తొంగి చూసి, కింద పెట్టమని కళ్లతోనే సైగ చేశారు. నేను చూసీ చూడనట్టు బల్ల నడిమధ్యన పెట్టాను.

కొరమీను ఊరుకునే జాతి కాదు. ఎగిరి వరికంకుల మీద పడింది. తోకతో కొట్టిన కొట్టుడుకి నీళ్లు అయ్యగారి తెల్ల అంగీ నిండా చిందాయి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. గట్టు మీద పుట్టినదాన్ని, నాకు అదో లెక్కా? తలకాయ దగ్గర ఒడిసి పట్టుకుని మళ్లీ బిందెలో వేశాను.

"బయట పెట్టెయ్యమ్మా" అన్నారాయన గొంతు తగ్గించి.

ఆ మాట అమ్మకి వినపడింది. వెంటనే రెండు చేతులూ చాచింది. "ఇచ్చెయ్యవే, పట్టుకుపోతాను. తప్పయిపోయిందండి అయ్యగారూ."

తప్పట. ఆ మాటకి నాలో ఏదో భగ్గుమంది. బిందె మూతి మీద చెయ్యి అడ్డం పెట్టాను. "దేవుడికి ఇచ్చేశావమ్మా. ఇంక ఇది నీదీ కాదు, నాదీ కాదు. తియ్యాలంటే అయ్యగారు తీస్తారు." ఆయన వైపు తిరిగాను. "తియ్యండి అయ్యగారూ."

చాపెల్ అంతా ఆయన్నే చూస్తోంది. ఆయన బిందెను చూశారు, జిగురు కారుతున్న నా చేతుల్ని చూశారు. ఆయన చెయ్యి కదల్లేదు. పాట ఎత్తుకోమని పాటల వాళ్లవైపు తలూపారు.

చేప అక్కడే ఉంది. పాట అయ్యేదాకా, వాక్యం అయ్యేదాకా అప్పుడప్పుడూ బిందె లోపల తోక కొడుతూనే ఉంది. చివర ఆయన లేచి, బల్ల మీదున్న సమస్తాన్నీ ఆశీర్వదించమని ప్రార్థించారు. సమస్తమంటే సమస్తమే. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను అమ్మని చూశాను. కళ్లు తెరుచుకుని బిందెవైపే చూస్తూ నిలబడింది.

ప్రాక్టికల్లో నేను తప్పాను. అయ్యగారు గదికి పిలిచి, క్షమించమని ఒక్క మాటంటే పాస్ చేస్తానన్నారు.

"ఏ తప్పుకండీ? ప్రభువు తిరిగి లేచి వచ్చి తినడానికేమైనా ఉందా అనడిగితే శిష్యులు పెట్టింది చేపముక్కే కదండీ. గుమ్మడికాయ కాదు కదా."

"అది వేరమ్మా."

"ఏం వేరండీ?"

"వేరమ్మా, అది వేరు" అన్నారు ఇంకాస్త మెల్లగా. క్షమించమన్న ఆ ఒక్క మాటా నేను అనలేదు.

మరుసటి ఏడు కొత్తగా చేరిన వాళ్లతో కలిసి మళ్లీ అదే ప్రాక్టికల్ చేయాల్సి వచ్చింది. అర్పణలు అందుకునే పనే కావాలని అడిగి మరీ తీసుకున్నాను. అమ్మకి ఫోన్ చేసి, "ఈసారి గుమ్మడికాయ తెస్తావా ఏంటి?" అని ఉడికించాను.

"చాల్లే ఊరుకో" అంది. "ఇన్నేళ్లూ ప్రభువుకి గుమ్మడికాయలే పెట్టాం. మొహం మొత్తి ఉంటది."

ఆ ఆదివారం గేటు దగ్గర నిలబడి చూశాను. అమ్మ బస్సు దిగింది. ఆమె వెనక మా లంక ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు దిగారు, అందరి చంకల్లోనూ గుడ్డ కట్టిన బిందెలు. చాపెల్ పక్కన కుళాయి ఉంది. అమ్మ అక్కడ ఆగుతుందేమోనని చూశాను. కుళాయివైపు తలైనా తిప్పలేదు. ఆ చేతులతోనే బిందె పట్టుకుని, అందరికంటే ముందు లోపలికి నడిచింది.