పిల్లి ఎక్స్‌రేలో నాన్న వేలు

మా పిల్లి గాలం మింగిందని తేల్చింది అమ్మ. ఆ పొద్దున నాన్న వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని, దారానికి ఇంకా కట్టని గాలపు ముల్లుకు చిన్న చేపను గుచ్చి, టీ కోసం లోపలికి వెళ్ళాడు. వచ్చేసరికి చేపా లేదు, ముల్లూ లేదు. పిల్లి మూతి నాక్కుంటూ కూర్చుంది.

హోప్ టౌన్ నుంచి ముగ్గురం బోటెక్కి, పిల్లిని రైస్ కుక్కర్ అట్టపెట్టెలో పెట్టుకుని పోర్ట్ బ్లెయిర్ పశువుల ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ శ్రీకాకుళం వైపు అమ్మాయి. ఇనుప ముల్లయితే ఎక్స్‌రేలో కనిపిస్తుందని, లోపలి మెత్తటి భాగాలు చూడాలంటే అల్ట్రాసౌండ్ చేస్తామని, సీటీ స్కాన్ కావాలంటే మాత్రం చెన్నై పోవాలని ఓపిగ్గా చెప్పింది. ఓడలో పిల్లికి బంక్ ఇస్తారా అని అమ్మ అడిగింది. మనుషులకే దొరకట్లేదన్నాడు నాన్న. ముందు ఎక్స్‌రే చూద్దామంది డాక్టరమ్మ.

పిల్లిని కదలకుండా పట్టుకోవడానికి నాన్నకు సీసపు ఏప్రాన్, మోచేతుల దాకా వచ్చే బరువైన గ్లౌజులు తొడిగారు. ఆయన బోట్లు నడిపే సరాంగుగా చేసి రిటైరైనవాడు. తాడయినా పిల్లయినా ఒట్టి చేత్తోనే పట్టు చిక్కుతుందని ఆయన నమ్మకం. ఎవరూ చూడకుండా ఒక గ్లౌజు తీసేశాడు.

ఫిల్ములో పిల్లి వెన్నెముక, దాని కడుపులో చేప వెన్నెముక చక్కగా కనిపించాయి. ముల్లు లేదు. ఓ మూలన మనిషి చెయ్యి ఉంది. గ్లౌజు తీసినందుకు డాక్టరమ్మ నాన్నను గట్టిగా మందలించి, మళ్ళీ ఫిల్ము వైపు వంగింది.

“అంకుల్, మీ చిటికెన వేలు విరిగింది.”

ఆ వేలు వాచి చాలా రోజులైంది. జెల్లీ ఫిష్ కుట్టిందని నాన్న మాతో చెప్పి బామ్ రాసుకుంటున్నాడు. ఇప్పుడు అసలు సంగతి బయటపెట్టాడు. కుర్రవాళ్ళకు చూపిద్దామని, ఆగని బోటు మీంచి జెట్టీ మీదికి దూకాడట.

ఏప్రాన్ విప్పుతున్న అటెండరు, “అంకుల్, యే క్యా హై?” అంటూ నాన్న చొక్కా వీపున వేలాడుతున్న గాలపు ముల్లును తీసి అమ్మ చేతిలో పెట్టాడు. పిల్లి చేపను లాక్కుని ముల్లును కుర్చీలో వదిలేస్తే, నాన్న టీ తాగి వచ్చి దాని మీదే చేరగిలబడ్డాడన్నమాట.

అక్కడి నుంచి మనుషుల ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు ఎక్స్‌రే తీయించుకు రమ్మన్నాడు. ఉందిగా అని నాన్న పిల్లి ఫిల్ము ఇచ్చాడు. డాక్టరు దాన్ని వెలుగులో పెట్టి చాలాసేపు చూశాడు.

“ఇందులో పేషెంట్ కౌన్ హై?”

“పై మూల నాది సార్. బాకీదంతా పిల్లిది.”

“పిల్లి లోపల?”

“అది చేప సార్. దాన్ని చోడ్ దీజియే.”

ఈ ఫిల్ము చూసి కట్టు కట్టడం కుదరదన్నాడు డాక్టరు. పొద్దున్నే తీసిన తాజా ఎక్స్‌రే, ఇంకోటి దేనికని నాన్న వాదించాడు. చివరికి అమ్మ ఒక్క మాట అంది.

“ఎల్లి తీయించుకో. పిల్లే నోరు మూసుకుని తీయించుకుంది.”

కొత్త ఫిల్ములోనూ వేలు అలాగే విరిగి ఉంది. కట్టు పడింది.

తిరుగు బోటులో కట్టుతో నాన్న, పెట్టెలో పిల్లి కూర్చుంటే, ఎవరికి బాగోలేదని పక్కావిడ అడిగింది. అమ్మ పిల్లి ఫిల్ము తీసి ఎండకు పట్టుకుని, ఇది చేప, ఇది పిల్లి, ఇది మా ఆయన అని వేలు పెట్టి చూపించింది. బోటంతా లేచి వచ్చింది. నాన్న సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు.