రెండు పేర్ల బాపు, ఒక్క పాలసీ

మా చిన్నప్పుడు గోదావరిఖనిలో జీతాల రోజు వచ్చిందంటే బొగ్గుబాయి గేటు ముందు జాతరే... మిర్చి బజ్జీల బండి, చీరల మూటలవాళ్లు, వడ్డీలకిచ్చినవాళ్లు. నాకు ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి వాళ్ల మధ్యలోకి కొత్తవాళ్లు చేరారు. ఇస్త్రీ చొక్కా, చంకలో తోలు సంచి... బీమా ఏజెంట్లు!

చౌరస్తాలో ఒక బ్యాంకు తెరిచారో లేదో, దాని ఎదురుగా ఇంకోటి. రాష్ట్రమంతా అదే జోరని చెప్పుకునేవారు. బొగ్గు తవ్వేవాళ్ల చేతిలో నెలనెలా నోట్లు ఆడతాయని తెలిశాక మమ్మల్ని వదులుతారా మరి!

మా బాపు అసలు పేరు మల్లయ్య. బాయిలో మాత్రం కొమురయ్య.

బొగ్గుబాయి బతుకులు తెలిసినవాళ్లకి ఇది వింతేం కాదు. మా దూరపు చుట్టం కొమురయ్యకి నౌకరి దొరికింది. ఒక్కరోజు బాయిలోకి దిగి, "సచ్చినా మళ్ల దిగ" అని పారిపోయాడు. ఎటు పోయాడో ఎవరికీ తెలీదు. ఆ నౌకరిలో, ఆ పేరుతో, మా బాపు దిగాడు. అంతే... పదహారేళ్లు దిగుతూనే ఉన్నాడు. కంపెనీ కాగితాల్లో అమ్మ కొమురయ్య భార్య, అన్నా నేనూ కొమురయ్య పిల్లలం. అట్లాంటి ఇళ్లు మా క్వార్టర్ల లైన్లోనే ఇంకా రెండు మూడు ఉండేవి.

మా పక్క క్వార్టర్ శంకరన్న కూడా ఏజెంటు అయ్యాడు. ఒక ఆదివారం వచ్చి, అమ్మ ఇచ్చిన చాయ్ తాగుతూ ఫారం తీశాడు.

"కొమురయ్య పేరు మీదనే రాద్దాం కాకా. జీతంల కోసుకుంటరు, నీకు ఫికరుండది."

ఏం చెప్పినా "సరే తియ్యి" అనే మా బాపు... ఆరోజు మొండికేశాడు.

"బాయిల ఎట్లాగూ వేరేటోని పేరే మోస్తున్న. గిదొక్కటన్న నా పేరు మీద ఉండనియ్యి శంకరూ. పైసలు నేనే ఆఫీసుకొచ్చి కడుత."

ఊళ్లో ఉన్న రేషన్ కార్డు తెచ్చి మల్లయ్య పేరు మీదే పాలసీ తీసుకున్నాడు. బాండు వచ్చిన రోజు, చదువు రాని మా బాపు "నా పేరేడున్నది బిడ్డా?" అంటూ నా వేలు పట్టుకుని వెతికించుకున్నాడు. మూడుసార్లు చదివించుకున్నాడు. పిచ్చి బాపు... ఎంత సంబరమో!

రెండేళ్లు ఒక్క కిస్తీ ఆపకుండా కట్టాడు.

ఆ తర్వాత ఒకరోజు పొద్దున షిఫ్టులో బాయి పైకప్పు కూలింది. మధ్యాహ్నానికి బాపును దవాఖాన నుంచి బండిలో తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. కంపెనీ ఇచ్చిన మరణ పత్రంలో కొమురయ్య అని రాసి ఉంది. కొమురయ్య కొడుకుగా అన్నకి నౌకరి ఇస్తామన్నారు. కాని ఆ నౌకరి కాగితం ఎప్పుడొస్తుందో తెలీదు... ఇంట్లో డబ్బా అడుగున నాలుగు గింజలున్నాయి.

దినాలు అయిపోయాక శంకరన్న మమ్మల్ని బీమా ఆఫీసుకి తీసుకెళ్లాడు. అప్పుడే కట్టిన బిల్డింగు, సున్నం వాసన కూడా పోలేదు. లోపల ఉన్న సారు మంచివాడే. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చాడు. కాగితాలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"పాలసీ మల్లయ్యగారిదమ్మా. పోయింది కొమురయ్య అని ఉందే?"

అమ్మ శంకరన్న వైపు చూసింది.

"ఇద్దరూ ఒకరే అయితే మేం కంపెనీకి రాసి కనుక్కుంటాం. నిజమని తేలితే మీ డబ్బు ఎక్కడికీ పోదు."

కంపెనీకి రాస్తామన్న మాట వినగానే శంకరన్న అమ్మను పక్కకు లాగాడు.

"వద్దు చిన్నమ్మా! మారుపేరని కంపెనీకి ఎరుకైతే పిలగాని నౌకరి రాదు. క్వార్టర్ గూడ గుంజుకుంటరు. నాదే తప్పు... ఆరోజే కాకను ఆపకపోతి."

అమ్మ గోడకి ఆనుకుని కూలబడింది. లేచి కొంగు సర్దుకుని సారు బల్ల దగ్గరికి పోయింది.

"తప్పయింది సారూ... మల్లయ్య బతికే ఉన్నడు. ఊరికి పోయిండు. ఆ కాయితాలు ఇచ్చెయ్యి."

కట్టుకున్నవాడి పేరు పలకకూడదని నమ్మే మనిషి. అమ్మ నోట బాపు పేరు నేను మొదటిసారి విన్నది అప్పుడే. విన్నది ఆ అబద్ధంలో!

గాజుల్లేని చేతులు చాపింది. సారు ఆ చేతుల వైపే చూశాడు. ఏమీ అడక్కుండా కాగితాలు ఇచ్చేశాడు. నేను "బాపు సచ్చిపోయిండు గదమ్మా" అనబోతే అమ్మ నా నోరు గట్టిగా మూసింది. ఇల్లు చేరి తలుపేసుకున్నాక గుండెలు బాదుకుంది... "నా మొగని సావు గూడ నాది కాకపాయె బిడ్డా!"

కట్టడం ఆగిన పాలసీ అట్లాగే పోయింది. అయిదు నెలలకి అన్న బాయిలోకి దిగాడు. ఆ అయిదు నెలలు ఎట్లా తిన్నామో... వద్దులెండి, రాయలేను.

ఇప్పుడు అదే చౌరస్తాలో అడుగడుక్కీ బ్యాంకు, దాని పక్కన బీమా కంపెనీ బోర్డు. కూర్చున్న చోటే ఫోన్లో పాలసీ! నిన్న కూడా ఒకమ్మాయి ఫోన్ చేసి "మేడమ్, మీ కుటుంబానికి భద్రత ఉందా?" అంది. ఏం చెప్పను తల్లీ నీకు!

అమ్మ పోయి రెండేళ్లయింది. అన్న పోయిన నెల రిటైరయ్యాడు. ఇక ఎవరి కోసం దాచాలి? కంపెనీ పుస్తకంలో పోయింది కొమురయ్య. మా ఊరి లెక్కల్లో మల్లయ్య ఇంకా బతికే ఉన్నాడు.

మీ ఇంట్లోనూ వేరేవాళ్ల పేరుతో బాయి దిగినవాళ్లు ఉంటే, వాళ్ల అసలు పేరు కింద రాయండి... ఒక్కసారైనా నలుగురూ చదవనీ. ముందు నేనే రాస్తున్నా.

మా బాపు మల్లయ్య చనిపోయాడు.