పొద్దుగాల ఏం గోలీ ఏసుకున్నరు?

కొత్తగూడలోని మా పళ్ళ క్లినిక్‌లో పదకొండేళ్ళు నర్సుగా పనిచేసిన సిస్టరమ్మ పోయిన వారం గుండెపోటుతో చనిపోయారు. జీడిమెట్ల నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెబితే, "సరిగ్గా చూశారా? ఇంకో డాక్టర్ని పిలిచారా?" అని అడిగాను. పాపం, ఆ పిల్ల ఏడుస్తూనే జవాబు చెప్పింది. ఈ అనుమానపు జబ్బు నాకు అంటించింది సిస్టరమ్మే.

ఆమె ఎవరినీ ఊరికే నమ్మేవారు కాదు. ఆటోక్లేవ్‌లో ఆవిరి పట్టించిన పరికరాల ప్యాకెట్ల మీద గుర్తు రంగు మారితే, క్రిములు చచ్చాయిలే అని మేమంతా సరేననుకునేవాళ్ళం. ఆమె మాత్రం ప్రతిసారీ ఒక ప్యాకెట్ చించి, లోపల పెట్టిన కాగితం రంగు కూడా చూసేవారు.

"పైన రంగు మారితే అయిపాయెనా డాక్టరమ్మా? లోపటికి ఆవిరి వోయిందో లేదో ఎవరికెరుక?"

చించిన ప్యాకెట్ పని మళ్ళీ మొదటికొచ్చేది. నాకు ఒళ్ళు మండేది.

కరోనా వచ్చాక ఇక చెప్పనే అక్కర్లేదు. మా పేషెంట్లలో చాలామంది సాఫ్ట్‌వేర్ పిల్లలు. జ్వరముంటే వెనక్కి పంపుతామని తెలిసి, ఇంటి దగ్గరే పారాసిటమాల్ మింగి వచ్చేవాళ్ళు. నుదుటికి గురిపెట్టిన థర్మామీటర్ బుద్ధిగా మామూలు అంకె చూపించేది. సిస్టరమ్మ తలుపు దగ్గరే నిలబెట్టేవారు.

"పొద్దుగాల ఏం గోలీ ఏసుకున్నవ్ బిడ్డా?"

"ఏం లేదాంటీ."

"మరి గీ చెమటలేంది? జర నిజం చెప్పు, నేనేం కొట్టను."

సగం మంది అక్కడే ఒప్పుకునేవాళ్ళు. మిగతావాళ్ళు ఇంటికెళ్ళి ఆన్‌లైన్‌లో మా క్లినిక్‌కి ఒక్క స్టార్ ఇచ్చేవాళ్ళు. ఆ కోపమంతా నేను ఆమె మీద చూపించేదాన్ని.

అసలు సంగతి ఇప్పుడు చెప్పాలి. చలికాలం ఒక పొద్దున ఒళ్ళునొప్పులతో లేచాను. ఆ రోజు క్యాన్సర్ మందులు వాడుతున్న ఒక పెద్దావిడ దవడ వాపుతో రావాలి. అప్పటికే ఆవిడని రెండుసార్లు వాయిదా వేశాను. మామూలు అలసటేలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని, నేనూ ఒక పారాసిటమాల్ మింగి బయల్దేరాను. డాక్టర్ని, చూడండి!

సిస్టరమ్మ నా నుదురు చూశారు. థర్మామీటర్ జోలికే పోలేదు.

"ఇంత చలిల చెమటలేంది డాక్టరమ్మా? మీరు గూడ ఏసుకున్నరా?"

"ఇక్కడ డాక్టర్ నేనా, మీరా?" అని అరిచాను.

"డాక్టర్ మీరే. జ్వరం గూడ మీదే. ఆ పెద్దమ్మ తట్టుకోదు. నేను లోపటికి వోనియ్య."

చేతులు బార్లా చాపి తలుపుకి అడ్డంగా నిలబడ్డారు. నేను విసురుగా వెళ్ళిపోయాను. సాయంత్రానికి పాజిటివ్ అని తేలింది. ఈలోగా ఆమే నాలుగుచోట్లకి ఫోన్లు చేసి, పెద్దావిడకి ఇంకో క్లినిక్‌లో పన్ను తీయించారు. ఆవిడ క్షేమంగా బయటపడింది.

తిరిగొచ్చాక క్షమాపణ అడగాలనుకున్నాను. రేపు, ఎల్లుండి అంటూ ఏళ్ళు గడిపేశాను. ఆమె కూడా ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

మొన్న చర్చిలో ఆమె కోసం జరిగిన ప్రార్థన ముగిశాక వాళ్ళమ్మాయి నన్ను బంధువులకు చూపించింది. "ఈ మేడమే. తనకు జర నలతగుంటే, ఎవ్వరు చెప్పకముందే క్లినిక్ బంద్ వెట్టి, ఆ పెద్దమ్మను కాపాడింది. అమ్మ ఎప్పుడు జెప్పేది."

పెద్దవాళ్ళు నాకు చేతులు జోడించారు. సిగ్గుతో చచ్చిపోయాను.

"కాదమ్మా. నేను గోలీ మింగి వచ్చాను. ఆపింది మీ అమ్మ. ఆమె మీద అరిచాను కూడా," అన్నాను.

ఆ పిల్ల ఏడుపు ఆపింది. "ఊకోండి మేడం, అమ్మ పోయిందని గట్లంటున్నరు," అంటూ, కళ్ళు చిన్నవి చేసి నన్ను ఎగాదిగా చూసింది.