రోళ్ల మీద మెత్తలు

డ్యామ్ ఒడ్డున కొత్తగా పెట్టిన హోటల్లో సూర్యాస్తమయం చూస్తూ భోంచేద్దామని కోడలు శిల్ప పట్టుబట్టి గురమ్మను తీసుకొచ్చింది. ఆ నీళ్ల అడుగునే గురమ్మ ఊరుంది. ఊరు ఖాళీ చేసిన రోజు రోలు ట్రాక్టర్లో పట్టకపోతే, దానికి పసుపు పూసి, బొట్టు పెట్టి, దండం పెట్టుకుని వదిలేసి వచ్చింది.

ఇక్కడ నీళ్లకు ఎదురుగా రోళ్లను వరసగా బోర్లించి, పైన మెత్తలు వేశారు. జనం వాటి మీద కూర్చుని ఫొటోలు దిగుతున్నారు. గురమ్మకు ఒళ్లు మండింది. ఇంట్లో పసిపిల్ల రోటి మీద కూర్చున్నా రెక్క పట్టి దించే మనిషి ఆమె.

"ఇవి యాడివప్పా?" అని వెయిటర్‌ను అడిగింది.

"ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు మునిగిన ఊర్లల్లోంచి తెచ్చినారమ్మా. కూచోండి, పొద్దు మునిగేది ఈడ్నుంచి శానా బాగా కనపడతాది."

శిల్ప చెయ్యి పట్టుకుంది. "గమ్మునుండత్తా, అందరూ చూస్తాండారు."

గురమ్మ చెయ్యి విడిపించుకుని, పొద్దుకు అడ్డంగా, రోళ్ల మీద కూర్చున్నవాళ్ల ముందుకెళ్లి నిలబడింది.

"చూడనీ. మా ఊరు మునిగేది చూసేకి ఒక్కరూ రాలేదు. పొద్దు మునిగేది చూసేకి మా రోళ్లెక్కి కూచుండారు."