రొమేలియా కూర్చిన నాలుగో పేజీ

కురసావ్ దీవిలో 'దె హావెన్‌క్లోక్' తొంభై రెండేళ్లు నడిచింది. డచ్చి పత్రిక. చమురు కర్మాగారంలోని డచ్చి దొరలు మధ్యాహ్నం కాఫీతో పాటు దాన్ని చదివేవారు. వాళ్లు వెళ్లిపోయాక మిగిలిన పాఠకులు కొనేది నాలుగో పేజీ కోసమే. అందులో మరణ ప్రకటనలుండేవి. ఇంట్లో దీవి భాష పాపియామెంటు తప్ప మాట్లాడనివాళ్లు కూడా చావు కబురు డచ్చిలో అచ్చయితేనే పరువనుకునేవారు.

ఆ పేజీని ముప్పై ఒక్క ఏళ్లు కూర్చింది రొమేలియా యాంగా. ప్రకటనలో పోయినవారి పిల్లల పేర్లు వరుసగా వేస్తారు. పేరున్నవాళ్లు చర్చిలో ముందు బెంచీలో కూర్చుంటారు. పెళ్లి బయట పుట్టినవాళ్ల పేర్లు వేయడం, వేయకపోవడం ఆ కుటుంబం ఇష్టం. పూర్వం ఎవరో జాలిపడి ఒక పేరు చేరిస్తే, రెండిళ్లవాళ్లు శవపేటిక ముందే కలబడ్డారు. అప్పటినుంచి సంతకం పెట్టిన కాగితంలో ఏముంటే అదే అచ్చు.

పత్రిక మూతపడడానికి తొమ్మిది రోజులున్నాయనగా సోరైదా ఎవర్ట్స్ కాగితం తెచ్చింది. పోయింది ఆమె తండ్రి ఓజ్వాల్డ్, కస్టమ్స్ అధికారి. రొమేలియాకూ ఆయనే తండ్రి. ఆమెను డచ్చి బడిలో వేసిందీ, ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే. ఇంటిపేరు మాత్రం ఇవ్వలేదు.

రొమేలియా కాగితం చదివింది. "పిల్లలు ముగ్గురేనా?"

"ముగ్గురే."

"చూసుకుని చెప్పండి. అచ్చయ్యాక మార్చం."

"చూసుకునే రాశాం," అని సోరైదా సంతకం పెట్టి, ఆమె ముఖం చూడకుండా వెళ్లిపోయింది.

సంపాదకుడు వౌటర్ పక్క బల్ల దగ్గర్నుంచి అంతా విన్నాడు. "ఒక్క పేరే కదా, నీదీ చేర్చేయ్. నేను చూళ్లేదంటాను. మూతపడే పేపరు మీద ఎవడు కేసేస్తాడు?"

"ఇదే బల్ల ముందు ఎంతమంది ఏడ్చారో తెలుసా సార్? అందరికీ కుదరదన్నాను. ఇప్పుడు నాకొక్కదానికి కుదురుతుందా?"

ముగ్గురి పేర్లే కూర్చింది. తప్పులున్నాయేమోనని రెండుసార్లు చూసింది. లేవు.

మర్నాడు పత్రిక తీసుకుని ఇంటికి వెళ్లింది. తల్లి మార్సెలీనాకు డచ్చి రాదు. నాలుగో పేజీని కూతురే రోజూ పాపియామెంటులో చెప్పేది.

"ఆయనది చదవవే."

రొమేలియా చదివింది. పిల్లల దగ్గరకొచ్చేసరికి ఆగింది. "సోరైదా, ఎర్విన్, రొమేలియా, లుడ్విన్."

"మళ్లీ చదువు."

మళ్లీ అలాగే చదివింది.

ముసలామె కిటికీ వైపు చూసింది. "బాగానే వేశారు. పొద్దున రేడియో వాడు ముగ్గురినే చదివాడు."

రొమేలియా పత్రిక మడిచింది.

"రేపు చర్చికి పెందరాళే పో," అంది తల్లి. "వెనక బెంచీలు తొందరగా నిండిపోతాయి."