పన్ను కట్టించడమంటే

"గుంటకి ఆ పన్ను కట్టించెయ్యాలే, మరిసిపోకు" అన్నాడు మా ఆయన, సైకిలు గడప దింపుతా.

"అలాగేలేవయ్యా, ముందు టిపిను డబ్బా తీసుకెళ్ళు" అన్నాను నాను.

మా ఇద్దరికీ అదే ఆఖరి మాట. డూటీలో ఉండగానే గుండె ఆగిపోనాది. బారిడీహ్‌లో మా క్వార్టరుకి మనిషిని తెచ్చినారు, ఎనకాల డబ్బా తెచ్చినారు. మూత కూడా తియ్యలేదు.

నాకు సంతకం తప్ప రాయడం రాదు. నాను సెప్తన్నాను, మా అమ్మాయి రాత్తన్నది. ఆయన గుంట అన్నది దీన్నే, ఆ పన్ను దీనిదే. పైన కోరపన్ను, పక్క పన్ను మీదికెక్కి పొడుచుకొచ్చేది. ఇక్కడ హిందీ బళ్ళో పిల్లలు "హాథీ, హాథీ" అని ఏనుగుని చేసి ఏడిపించేవోరు. నవ్వితే అరచెయ్యి అడ్డం. ఆయనే ఓ సెలవు పూట దీన్ని జుగ్సలాయిలో పళ్ళ డాక్టరుకి సూపించి తెచ్చినాడు.

కట్టించడమంటే మనకేటి? మా అమ్మకి పళ్ళు కట్టించినారు. ఉన్నవి పీకేసి కట్టుడు పళ్ళు పెట్టినారు. నాకు తెలిసింది అదే. కర్మలన్నీ అయినాక దీన్ని రిక్షా ఎక్కించినాను. ఆయన ఆఖరి మాట కదా, నిలబెట్టాలి.

కుర్చీలో దీని నోరు తెరిపించగానే, వచ్చిన హిందీలో "దాంత్ నికాల్ దో, నయా లగా దో" అన్నాను.

డాక్టరు సేతిలో అద్దం ఆగిపోనాది. ఆయనదంతా హిందీయే, నాను తెలుగులో సెప్తన్నాను. "పీకాలా? ఇంత గట్టి పన్నునా?"

"మా ఆయన సెప్పి పోయినాడు బాబూ."

"మీ ఆయనకి సెప్పింది నేనేగా! తార్ బాంధ్‌నా హై అన్నాను. తీగ కట్టాలి."

బాంధ్‌నా. కట్టడం. ఆ హిందీని మా ఆయన తెలుగు సేసి ఇంటికి తెచ్చినాడు, తీగ అన్నది దారిలో ఎక్కడో రాలిపోనాది.

పీకితే బేగి అయిపోతాదట, కానీ కొత్తది నిలబడ్డానికి అటూ ఇటూ మంచి పళ్ళని అరగదియ్యాలట. తీగైతే రెండేళ్ళు, నెలనెలా బిగించుకోవాలి, సొంత పన్నే వరసలోకి వత్తాదట. ఎముకలో పన్ను తీగకి కదులుతాదా? రెండేళ్ళు నోట్లో ఇనుముతో ఏటి తింటాది? బళ్ళో ఇంకేం పేర్లు పెడతారు? పీకించెయ్యడమే మేలేమో అని కూడా అనిపించినాది.

అప్పుడు కుర్చీలోంచి ఇదంది, "పాపా నే తార్ హీ బోలా థా, మా." నాన్న తీగనే అన్నాడట.

"మరి ఇంటికాడ సెప్పలేదేటే?"

"తుమ్‌నే పూఛా హీ నహీఁ." నాను అడగనే లేదట.

తీగే కట్టించినాను. పన్ను కదిలినాది. ఇప్పుడు సెయ్యి అడ్డం లేకండానే నవ్వుతాది.

నా దడే తగ్గలేదు. ఆఖరి మాటే ఇలాగ ఇన్నానంటే, అన్నేళ్ళ కాపరంలో ఆయన ఒకటంటే నాను ఒకటి ఇన్నవి ఇంకెన్నో. ఎవుర్ని అడగను?

ఏటే, నవ్వుతన్నావు? నాను సెప్పింది రాసినావా, నువ్వు ఇన్నది రాసినావా? ఏదీ, మొదట్నుంచి ఓపాలి సదివి ఇనిపించు.